లక్ష్మి ఆంటీ గ్రూప్‌లో ప్రకటన

వెబ్‌సైట్ పెట్టడం ఒక ఎత్తు, దాని దగ్గరికి మనుషుల్ని రప్పించడం ఇంకో ఎత్తు. ఈ సంగతి శ్రీవల్లికి ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో ఆమె లేదనుకోండి.

బయోటెక్ కంపెనీలో ఉద్యోగం ఊడిన కొత్తలో కొన్నాళ్ళు ఏడ్చింది, కొన్నాళ్ళు రెజ్యూమె దిద్దుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున భర్త రఘువీర్ ముందు కాఫీ కప్పు పెట్టి, "నేను బిజినెస్ స్టార్ట్ చేస్తున్నా. రిటర్న్ గిఫ్ట్స్. నువ్వొక్క డాలర్ కూడా ఇవ్వక్కర్లేదు," అని ప్రకటించింది. రఘువీర్ లాప్‌టాప్ మీంచి కళ్ళు తిప్పకుండా "సూపర్" అన్నాడు. పిల్లలు గీసిన ఏనుగు బొమ్మ చూసినప్పుడు పెద్దవాళ్ళు అనే "సూపర్" అది. శ్రీవల్లికి ఎక్కడో చురుక్కుమంది. ఇక ఆ బిజినెస్ నిలబడి తీరాలని ఆ క్షణంలోనే పంతం పట్టింది.

ఆలోచన చెడ్డదేమీ కాదు. వాళ్ళుంటున్న బాతెల్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళకి శని ఆదివారాలు ఖాళీగా పోవు. ఒక వారం గృహప్రవేశం, ఒక వారం సీమంతం, ఆ పై వారం ఎవరి పిల్లదో ఓణీల ఫంక్షన్. వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపకపోతే పిలిచినవాళ్ళకి నామోషీ. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో బతిమాలి తెప్పించుకునే ఇత్తడి కుంకుమ భరిణెలూ, చిన్న గిన్నెలూ, గుడ్డ సంచులూ ఇక్కడే ఒక చోట దొరికితే ఎవరికి చేదు?

పేరు "వల్లీ వాయనాలు". డాట్ కామ్ ఖరీదెక్కువని డాట్ స్టోర్ తీసుకుంది. డిజైన్ ఉచితంగా దొరికింది, కానీ అది ఎవరో కేకుల కొట్టు కోసం చేసిన డిజైన్. ఎంత ప్రయత్నించినా పేజీ అడుగున ఒక మూల కప్‌కేక్ బొమ్మ పోలేదు. అంత కింద దాకా ఎవరు చూస్తారులే అని వదిలేసింది. ఫొటోలు తనే తీసింది. డైనింగ్ టేబుల్‌ని కిటికీ దగ్గరికి ఈడ్చి, తెల్ల దుప్పటి పరిచి, భరిణెల్ని వరసగా పేర్చి, మబ్బు ఎప్పుడు విడుస్తుందా అని ఫోన్ పట్టుకుని నిలబడేది. బాతెల్‌లో ఎండ కోసం కాచుకోవడమంటే మాటలు కాదు. ఒక్కో ఫొటోకి ఒక్కో పూట పోయేది.

ఆర్డర్ పేజీ అంటే ఆమెకి ప్రత్యేకమైన ముద్దు. అందులో "మీ ఇంట ఏ సందర్భం?" అన్న ప్రశ్న పెట్టి, కింద జాబితా ఇచ్చింది. గృహప్రవేశం, సీమంతం, బారసాల, బర్త్‌డే, పెళ్ళి, ఓణీల ఫంక్షన్. వీటిలో ఒకటి ఎంచుకోకపోతే ఆర్డర్ ముందుకు కదలదు. ఆర్డర్ కాగానే కొన్నవాళ్ళకి దానంతటదే ఒక మెయిల్ వెళ్తుంది. "హృదయపూర్వక శుభాకాంక్షలు! మీ ఇంటి ఆనందంలో మాకూ పాలు పంచినందుకు సంతోషం!" ఆ వాక్యం రాసుకుని తనే నాలుగుసార్లు పైకి చదువుకుని మురిసిపోయింది.

అంతా అయ్యాక సైట్ తెరిచింది. ఎవరూ రాలేదు.

ఆన్‌లైన్ ప్రకటనలు ఇచ్చి చూసింది. ఉన్న కాస్త డబ్బూ క్లిక్కులకింద కరిగిపోయింది. నొక్కినవాళ్ళు నొక్కినట్టే వెళ్ళిపోయారు. ఇక ఖర్చు లేని దారి ఒక్కటే, వాట్సాప్ గ్రూపులు. అక్కడా చుక్కెదురే. అమ్మకాల గ్రూప్‌లో ఆమె పెట్టిన పోస్టు చీరలవాళ్ళ, పచ్చళ్ళవాళ్ళ, ఇన్సూరెన్సువాళ్ళ పోస్టుల కింద పడి ఊపిరాడక పోయింది. తెలుగు సంఘం గ్రూప్‌లో స్పాన్సర్లు తప్ప ఎవరూ ప్రకటనలు పెట్టకూడదట. స్కూల్ అమ్మల గ్రూప్‌లో పెడితే అడ్మిన్ మర్యాదగా ఒక నమస్కారం బొమ్మ పెట్టి మరీ తీసేసింది.

"ఎలా ఉంది నీ బిజినెస్?" అని రఘువీర్ అప్పుడప్పుడూ అడిగేవాడు.

"స్లోగా పికప్ అవుతోంది," అనేది శ్రీవల్లి. ఒక్క ఆర్డరైనా రాలేదన్న మాట మాత్రం నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక శనివారం పొద్దున, తన ఫోన్‌లో ఉన్న గ్రూపులన్నిటినీ కిందికి జరుపుకుంటూ పోతుంటే అడుగున కనిపించింది లక్ష్మి ఆంటీ గ్రూప్.

లక్ష్మి ఆంటీ ధర్మారావు అంకుల్ భార్య. ఆయన ఎప్పుడో డెబ్బైల్లో విమానాల ఇంజనీరుగా ఈ దేశం వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. బాతెల్‌కి కొత్తగా వచ్చిన ఏ తెలుగు కుటుంబమైనా మొదటి భోజనం చేసింది వాళ్ళింట్లోనే. శ్రీవల్లికైతే ఆంటీ ఖాళీ పార్కింగ్ లాట్‌లో దగ్గరుండి డ్రైవింగ్ నేర్పింది. బ్రేక్ బదులు యాక్సిలరేటర్ తొక్కి స్తంభం మీదకి పోనిచ్చిన రోజున కూడా ఒక్క మాట అనకుండా, "స్తంభానిదే తప్పు, పద," అంది. ఆవిడ పోయిన ఏడాది హఠాత్తుగా పోయింది. ఆ రోజు నళిని ఈ గ్రూప్ పెట్టింది. నళిని అంటే ఊళ్ళో చావైనా పెళ్ళైనా పనులు పంచే మనిషి. ఎవరు ఏ పూట భోజనం తేవాలి, ఎయిర్‌పోర్ట్‌కి ఎవరెళ్ళాలి, అంత్యక్రియలు ఎక్కడ, అన్నీ అందులోనే. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళంతా అందులో చేరారు. కార్యక్రమాలన్నీ అయిపోయాయి. గ్రూప్ మూగబోయింది. కానీ ఒక్కరూ బయటికి పోలేదు. ఎలా పోతారు? ఫలానావారు వెళ్ళిపోయారని అందరికీ కనబడుతుంది. పోయినావిడ గ్రూప్ నుంచి వెళ్ళిపోయారన్న మాట ఎవరు పడతారు?

ఇంత పెద్ద గ్రూప్ శ్రీవల్లి ఫోన్‌లో ఇంకొకటి లేదు. అందులో చీరలవాళ్ళు లేరు, పచ్చళ్ళవాళ్ళు లేరు.

ఛీ అనుకుని ఫోన్ పక్కన పెట్టింది. కాఫీ కలుపుకుంది. తాగుతూ మళ్ళీ తెరిచింది. ఏడాది అయిపోవస్తోంది కదా అనుకుంది. గ్రూప్ ఎలాగూ నిద్రపోతోంది కదా అనుకుంది. ఆంటీ బతికుంటే తనే నలుగురికీ ఫార్వర్డ్ చేసి, "మా శ్రీవల్లి పెట్టింది, కొనండర్రా" అని దబాయించేది కదా అని కూడా అనుకుంది. పోయినవాళ్ళు ఏమనేవాళ్ళో మనం ఊహించుకునే మాటలన్నీ ఎందుకో మనకి అనుకూలంగానే ఉంటాయి.

పంపేసింది.

"గ్రాండ్ ఓపెనింగ్! మీ ఇంటి శుభకార్యాలకి అందమైన రిటర్న్ గిఫ్ట్స్! సీమంతాలకి స్పెషల్ డిస్కౌంట్!" దాని వెనకాల బాణాసంచా బొమ్మలు, కింద సైట్ లింకు. పైన గ్రూప్ బొమ్మగా, గుండ్రంగా, ఎవరి పెళ్ళిలోనో పసుపు పట్టుచీరలో నవ్వుతున్న లక్ష్మి ఆంటీ ఫొటో.

అలా ఒకదాని కింద ఒకటి చూశాక గానీ శ్రీవల్లికి గుండె జారలేదు. తీసేద్దామా అనుకునేలోపే మొదటి జవాబు వచ్చింది.

"ఓం శాంతి."

ఆ వెనకే ఇంకొకటి. "ఓం శాంతి." ఆ వెనక చేతులు జోడించిన బొమ్మలు వరసగా మూడు. "మిస్ యూ ఆంటీ." "ఓం శాంతి, ఓం శాంతి." శనివారం పొద్దున పళ్ళు తోముకుంటూ, దోసెలు పోసుకుంటూ, పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసుకి తోలుకెళ్తూ ఉన్న మనుషులు. ఫోన్ మోగింది, ఆ ఫొటో కనిపించింది, వేలు దానంతటదే ఆ మాట కొట్టేసింది. ఏం రాసుందో చదివిన పాపాన ఒక్కరూ పోలేదు. వల్లీ వాయనాలు గ్రాండ్ ఓపెనింగ్‌కి ఊరు ఊరంతా సంతాపం ప్రకటించింది.

ఇంకో పక్క ఈషాన్ అనే కుర్ర ఇంజనీరు విడిగా మెసేజ్ పెట్టాడు. "అక్కా, ధర్మారావు అంకుల్ కూడానా? మొన్ననే గ్రోసరీ స్టోర్‌లో బెండకాయలు ఏరుతూ కనిపించారే! ఎప్పుడు?"

శ్రీవల్లి గబగబా "లేదు లేదు, అంకుల్ బాగానే ఉన్నారు," అని అతనికి కొట్టి, గ్రూప్‌లోకి పరిగెత్తి తన పోస్టు తీసేసింది. తీసేస్తే పోతుందనుకుంది. ఆ చోట "ఈ మెసేజ్ తీసివేయబడింది" అన్న ముక్క మిగిలింది, పక్కన ఆమె పేరుతో సహా. దాని కింద ఓం శాంతులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడే నళిని ఫోన్.

"శ్రీవల్లీ! ఏందమ్మా అది? నువ్వే పెట్టినవా? సీమంతాలకి డిస్కౌంట్ అని లక్ష్మి ఆంటీ గ్రూప్ల పెడతరా ఎవరన్నా?"

"నళిని గారూ, అది..."

"ఫోన్ హ్యాక్ అయినట్టుంది కదా? నాకు తెలుసు, నువ్వు అసుంటి పని చెయ్యవు. మొన్న మా కజిన్‌ది కూడా గిట్లనే అయింది."

తలుపు తెరిచి దారి చూపించినట్టయింది. శ్రీవల్లి ఆ దారిలో పడి పరిగెత్తింది. "అవునండీ. హ్యాక్ అయినట్టుంది. నాకేం తెలీదు, ఇప్పుడే చూశా," అంది. గొంతులో వణుకు మాత్రం నిజం. నళిని దాన్ని భయం అనుకుంది.

"నువ్వు టెన్షన్ పడకు. నేను చూస్కుంట," అని పెట్టేసింది.

నళిని ఏదైనా చూసుకుంటానంటే నిజంగానే చూసుకుంటుంది. అయిదు నిమిషాల్లో లక్ష్మి ఆంటీ గ్రూప్‌లో పెద్దక్షరాల్లో హెచ్చరిక వచ్చింది. శ్రీవల్లి ఫోన్ హ్యాక్ అయింది, వల్లీ వాయనాలు అన్న లింకు ఎవరూ నొక్కొద్దు, నొక్కినవాళ్ళు వెంటనే కార్డులు మార్చుకోండి అని. దాన్ని ఎవరో స్కూల్ అమ్మల గ్రూప్‌లోకి పంపారు. అక్కణ్ణుంచి తెలుగు సంఘం గ్రూప్‌లోకి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎవరో "పెద్ద స్కామ్, పేరు చూసి మోసపోకండి, కింద కప్‌కేక్ బొమ్మ ఉంది చూడండి, అదే గుర్తు" అని వివరాలు కూడా కలిపారు. ఏ గ్రూప్‌లోకీ అడుగు పెట్టలేకపోయిన వల్లీ వాయనాలు పేరు ఒక్క పూటలో అన్ని గ్రూపుల్లోకీ వెళ్ళింది. స్పాన్సర్లకి కూడా అంత ప్రచారం దొరికి ఉండదు.

"నీ ఫోన్ హ్యాక్ అయిందట? ఆఫీస్ వాళ్ళ గ్రూప్‌లో వచ్చింది," అన్నాడు రఘువీర్ గరాజ్ లోంచి వస్తూ. "ఇలా ఇవ్వు, చూస్తా."

"వద్దు. నేను చూసుకున్నా," అంది. భర్త ముఖం చూడలేకపోయింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుని, టబ్ అంచు మీద కూర్చుని, తన సైట్ గురించి ఊరంతా ఏమనుకుంటోందో ఒక్కో గ్రూప్ తెరిచి చదువుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంత పనికిమాలిన దాన్నా నేను అనుకుంది.

అలా చదువుకుంటూ ఉండగా మెయిల్ చూసింది. అందులో ఎన్నాళ్ళనుంచో ఎదురు చూసిన మాట. "మీకు కొత్త ఆర్డర్ వచ్చింది!"

పొద్దునే, నళిని హెచ్చరిక కంటే ముందే వచ్చింది. చిన్న ఇత్తడి గిన్నెలు, రెండు వందలు. కొన్నవారి పేరు ధర్మారావు. సందర్భం, బర్త్‌డే.

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, టబ్ అంచు మీంచి లేవలేకపోయింది. వచ్చే ఆదివారం లక్ష్మి ఆంటీ సంవత్సరీకం. వచ్చినవాళ్ళకి ఆవిడ పేరు మీద గిన్నెలు పంచుదామనుకుని ఉంటాడు పెద్దాయన. జాబితాలో ఎంత వెతికినా తన ఇంటి సందర్భం దొరికి ఉండదు. ఎంచుకోకపోతే ఆర్డర్ కదలదు. ఏదో ఒకటి నొక్కి ఉంటాడు. ఆ మరుక్షణం ఆయనకి శ్రీవల్లి రాసిన మెయిల్ వెళ్ళి ఉంటుంది. హృదయపూర్వక శుభాకాంక్షలు. మీ ఇంటి ఆనందంలో మాకూ పాలు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, గట్టిగా ఏడిస్తే రఘువీర్‌కి వినబడుతుందని.

ఫోన్ మళ్ళీ మోగింది. నళిని. "శ్రీవల్లీ, ఇంకో ఘోరం. ధర్మారావు అంకుల్ ఆ లింక్ నొక్కి ఆర్డర్ కూడా చేసిండంట! కార్డు బ్లాక్ చేయించుకో అంకుల్ అని చెప్పిన. పాపం, ముసలాయన. ఇంకోటి విను. పొద్దున ఓం శాంతి పెట్టినోళ్ళు ఒక్కొక్కరు నాకు ఫోన్లు. చూస్కోకుండా స్కామ్ మెసేజ్‌కి పెట్టేసినం, సిగ్గయితుంది, డిలీట్ చెయ్యాల్నా అని అడుగుతున్నరు. ఏమంటవ్?"

"నేను చెప్తానండీ. కాస్త టైమివ్వండి," అని పెట్టేసి, కారు తాళాలు తీసుకుంది.

ఇక దాచే ప్రసక్తి లేదనుకుంది. ధర్మారావు అంకుల్ ఎవరో తనని మోసం చేశారనుకుని బ్యాంకు వాళ్ళతో గంటల తరబడి ఫోన్లో కూర్చోవడం ఆమె భరించలేకపోయింది. అంకుల్ ఇంటి ముందు కారు ఆపి, లోపలే కూర్చుని గ్రూప్‌లోకి పంపాల్సిన మెసేజ్ రాసింది. "నా ఫోన్ హ్యాక్ కాలేదు. ఆ ప్రకటన నేనే పెట్టాను. చాలా తప్పు చేశాను, క్షమించండి. కానీ సైట్ మోసం కాదు, నాదే." అందులో సగం పశ్చాత్తాపం, సగం బిజినెస్. అది ఆమెకి తెలుసు. తెలిసే రాసింది. నిజం బయటపెడితే పరువు పోయినా సైట్ నిలుస్తుంది. ముందు అంకుల్‌కి చెప్పి, బయటికొచ్చి ఇది పంపుదామనుకుంది.

ధర్మారావు తలుపు తీశాడు. స్వెటర్ మీద శాలువా, ఒక చేతిలో కళ్ళజోడు, ఒక చేతిలో ఫోన్. "రా అమ్మా, రా. చెప్పులుండనీ, ఫరవాలేదు," అన్నాడు.

"అంకుల్, బ్యాంకుకి ఫోన్ చేశారా?" నిలబడే అడిగింది.

"ఎందుకూ?"

"నళిని గారు చెప్పారటగా. కార్డ్ బ్లాక్ చేయించమని."

"చెప్పింది. గట్టిగానే చెప్పింది." ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. "హ్యాక్ చేసేవాడికి సీమంతాల గురించి ఏం తెలుస్తుందమ్మా?"

శ్రీవల్లి ముఖం నేల మీదికి వాలిపోయింది. "నేనే పెట్టాను అంకుల్. ఎవరూ చూడట్లేదని... పెద్ద గ్రూప్ కదా అని... హ్యాక్ అని అబద్ధం చెప్పాను. ఆంటీ ఫొటో కింద ఆ బాణాసంచా బొమ్మలు... మీకు శుభాకాంక్షలని మెయిల్ కూడా వచ్చుంటుంది. నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది."

"ఊరుకో. కూర్చో ముందు." ఆయన గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "మెయిల్ వచ్చింది. శ్రుతికి ఫోన్ చేసి చదివి వినిపించాను. జెర్సీ సిటీలో పిల్ల ఒకటే నవ్వు. అమ్మ ఉంటే పడీ పడీ నవ్వేది డాడీ అంది. నీ లిస్ట్‌లో సంవత్సరీకం లేదమ్మా. పెట్టుకో. అదీ అందరిళ్ళలోనూ వచ్చేదే."

"పెడతాను అంకుల్."

"హ్యాక్ సంగతి నేనెవరికీ చెప్పనులే. నీ మాట నీది." కాస్త ముందుకి వంగి, ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "నీకు నేనే థాంక్స్ చెప్పాలి అసలు. ఇది చూడు."

లక్ష్మి ఆంటీ గ్రూప్. ఆయన ఫోన్‌లో అది అన్నిటికంటే పైన, పిన్ను గుచ్చి పెట్టి ఉంది.

"రోజూ పొద్దున లేవగానే తెరుస్తానమ్మా ఇది. ఏముంటుంది? పోయినేడాది చివరి మెసేజ్, ఎవరిదో కుక్కర్ మూత మా ఇంట్లో ఉండిపోయిందని. అదే చూసి మూసేస్తాను. అందరికీ పనులుంటాయి, ఎవర్ని అనగలం? ఇవాళ పొద్దున టింగుమని మోగింది. నీదే. సరే, నీ వ్యాపారం నువ్వు చేసుకున్నావు, ఆర్డర్ ఇచ్చాను. కానీ దాని కింద చూడు." వేలితో మెల్లిగా పైకి జరుపుతున్నాడు. "వినీత్ పెట్టాడు. అవని పెట్టింది. వీళ్ళు చూడు, మన ఊరొదిలి ట్రాయ్ వెళ్ళిపోయి ఎన్నాళ్ళైందో, వీళ్ళూ పెట్టారు. ఓం శాంతి, ఓం శాంతి. మిస్ యూ ఆంటీ అని ఈ అమ్మాయి. నీ మెసేజ్‌తో ఆవిడ ఫొటో కనబడేసరికి, అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. ఏడాదైనా ఒక్కరూ మర్చిపోలేదు శ్రీవల్లీ."

ఆయన కళ్ళజోడు తీసి శాలువా కొసతో తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నది అద్దాల్ని కాదు.

"నేనొక్కణ్ణే తలుచుకుంటున్నానేమో అనుకున్నా ఇన్నాళ్ళూ," అన్నాడు.

శ్రీవల్లి ఆ పేర్లనే చూస్తూ ఉండిపోయింది. వీళ్ళలో ఎవరైనా ఒక్కరు నిజంగా ఆంటీని తలుచుకుని పెట్టారా? ఆమెకి తెలీదు. తెలిసిందల్లా తన సంగతే. ఏడాది పొడుగునా ఈ గ్రూప్ తెరిచింది ఒక్కసారే, ఎంతమంది ఉన్నారో చూడటానికి. తను నిజం రాసి పంపితే, ఆ మరుక్షణం ఒక్కొక్కరూ "అయ్యో, చూసుకోలేదు" అని నవ్వు బొమ్మలు పెడతారు. ఓం శాంతులన్నీ ఒకటొకటిగా తీసేస్తారు. ఈయన ఈ కుర్చీలోనే కూర్చుని, ఇదే వేలితో వాటి కోసం వెతుక్కుంటాడు.

"అవునంకుల్," అంది. "ఎవరూ మర్చిపోలేదు." ఆ అబద్ధం చెప్పడానికి పొద్దున్న చెప్పిన దానికంటే ఎక్కువ బలం కావలసివచ్చింది.

"ఇవి పోకుండా దాచుకోవాలంటే ఎలాగమ్మా? శ్రుతికి ఫొటో తీసి పంపా, కానీ సరిగ్గా రాలేదు."

ఫోన్ తీసుకుని స్క్రీన్‌షాట్ ఎలా తీయాలో చూపించింది. తన పేరున్న ముక్క రాకుండా, దాని కింద నుంచి మొదలుపెట్టి తీసింది. ఆయన ఒకటికి రెండుసార్లు నేర్చుకున్నాడు. వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "వచ్చే ఆదివారం పొద్దున్నే రావాలి, గిన్నెలు నువ్వే పంచాలి," అన్నాడు.

కారులో కూర్చున్నాక, రాసి పెట్టుకున్న మెసేజ్ చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా చెరిపేసింది. నళిని మళ్ళీ మెసేజ్ పెట్టి అడుగుతోంది. "ఏం చెప్పాలె వాళ్ళకి? డిలీట్ చెయ్యమంటవా?"

శ్రీవల్లి జవాబు రాసింది. "ఎవరినీ ఏదీ తీసెయ్యొద్దని చెప్పండి. అంకుల్ వాటిని చూసుకుంటున్నారు. నా ఫోన్ హ్యాక్ అయిన మాట నిజమే, ఆ సైట్ ఎవరూ తెరవొద్దు."

పంపి తల ఎత్తేసరికి ధర్మారావు ఇంకా గుమ్మంలోనే నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. తనూ ఊపాలని చెయ్యి ఎత్తబోయింది, ఎత్తలేక కారు స్టార్ట్ చేసింది.